తక్కువ ఖర్చుతో పాత నాణేలు సేకరించడం, గుర్తుపట్టడం ఎలా?

"మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిందండీ, ఎంత వస్తుంది?" అంటూ నాణెం ఫోటో పంపేవాళ్ళు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు. గుంటూరు, తెనాలి, బెజవాడ వన్‌టౌన్, ఎక్కడివాళ్ళైనా అడిగేది ఇదే. ధర చెప్పాలంటే ముందు అది ఏ నాణెమో తేలాలి. ఆ పని ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు. ఓపిక ఉంటే చాలు.

ముందే ఒక మాట. ఇళ్ళల్లో బయటపడే నాణేల్లో ఎక్కువ భాగం పదుల రూపాయలకు దొరికేవే. అందుకే కాలేజీ పిల్లలు కూడా పాకెట్ మనీతో మొదలుపెట్టగలరు. లక్షలు వస్తాయన్న ఆశతో చదివేవాళ్ళకు ఇక్కడ ఏమీ దొరకదు. చేతిలోని రాగిబిళ్ళ ఏ రాజుది, ఏ దేశానిది, ఏ సంవత్సరంలో అచ్చయిందని తెలుసుకోవాలనుకుంటే మాత్రం చివరిదాకా చదవండి.

ఏమేం కావాలి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. నగల పనివాళ్ళు కంటికి ఆనించుకునే చిన్న లూప్ అయితే మరీ మంచిది.
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా. వంటింటి కాటా పనికిరాదు.
- ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్. ఇనుపది నాణేన్ని గీరుతుంది.
- ఒక చిన్న అయస్కాంతం.
- మెత్తటి నూలుగుడ్డ, కాగితం కవర్లు, పెన్సిల్, చీటీలు.

ఆల్బమ్ ఇప్పుడే కొనకండి. ఎందుకో భద్రపరిచే దగ్గర చెబుతాను.

1. నాణేలు ఎక్కడ వెతకాలి

మొదటి చోటు మీ ఇల్లే. ఆ తర్వాత చుట్టాలిళ్ళు. గల్ఫ్ వెళ్ళొచ్చిన బాబాయి, సింగపూర్‌లో పనిచేసే అన్నయ్య, అమెరికాలో కూతురి దగ్గర ఆరు నెలలుండి వచ్చిన పెద్దమ్మ, వీళ్ళందరి సూట్‌కేసుల జేబుల్లో ఏ బ్యాంకూ మార్చని చిల్లర ఉంటుంది. అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. ప్రపంచ నాణేల సేకరణకు ఇంతకంటే చవకైన దారి లేదు.

బయట అయితే పాత ఇత్తడి, రాగి సామాన్లు కొనే కొట్లు. బెజవాడలో వన్‌టౌన్ సందులు, గుంటూరులో పట్నంబజారు, లాలాపేట వైపు తిరగండి. సామాన్లతోపాటు తూకానికి వచ్చిన రాగి కాణీలు ఒక్కోసారి డబ్బాలో పడి ఉంటాయి. వెండి కొట్లలో కనిపించే విక్టోరియా, జార్జి రూపాయలను ఎంత లేదన్నా వెండి ధర లెక్కనే అమ్ముతారు కాబట్టి అవి మొదట్లో మన బడ్జెట్‌కు అందవు. ఆన్‌లైన్‌లో విదేశీ నాణేలు కలగలుపుగా, కిలోల లెక్కన అమ్ముతారు. గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అవి బాగుంటాయి.

నా సలహా: మొదటి ఆరు నెలలూ ఏ ఒక్క నాణేనికీ 100 రూపాయలు దాటకండి. కన్ను కుదిరాక పెంచుకోవచ్చు.

2. తోమకండి

దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మనిళ్ళల్లో రాగి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. అదే చేత్తో రాగి నాణేన్నీ తోమేస్తాం. చెంబుకు మెరుపు వస్తుంది, నాణేనికి ప్రాణం పోతుంది. చింతపండు, నిమ్మకాయ పులుపు పై పొరను తినేస్తాయి. పీచు, పొడి సన్నని గీతలు పెడతాయి. భూతద్దంలో చూస్తే రాణిగారి చెంప మీద ఒకే వైపు వందల గీతలు కనిపిస్తాయి, రంగు పచ్చి గులాబీలోకి తిరుగుతుంది. అలాంటి నాణేన్ని చూడగానే సేకర్తలు పక్కన పెట్టేస్తారు. ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు గోధుమ రంగే దాని విలువ.

మట్టి బాగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టండి. మర్నాడు వేలికొసలతో నెమ్మదిగా కదిపి, గుడ్డతో అద్దండి. రుద్దకండి. జిడ్డు ఉంటే ఒక చుక్క లిక్విడ్ సబ్బు వేయవచ్చు. అంతకుమించి ఏదీ వద్దు.

పట్టుకునేటప్పుడు బొమ్మను గానీ బొరుసును గానీ ముట్టుకోకుండా అంచు మాత్రమే పట్టుకోండి. కింద గుడ్డ పరుచుకోండి. మన ఎండాకాలంలో చెమట వేలిముద్ర కొత్త నాణెం మీద పడితే ఇక పోదు.

3. కొలిచి చీటీ రాయండి

చదవడానికి ముందే కొలవండి. అక్షరాలు అరిగిపోయినా కొలతలు చాలావరకు మిగులుతాయి. ఒక్కో నాణేనికి ఒక్కో చీటీ. అందులో: బరువు, వ్యాసం, రంగు, అంచు నున్నగా ఉందా గాట్లున్నాయా, రంధ్రం ఉందా, అయస్కాంతానికి అంటుకుందా.

అయస్కాంతం చెప్పేది జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇనుము, ఉక్కే కాదు, నికెల్ కూడా అంటుకుంటుంది. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌దే, కాబట్టి అది అంటుకోవాలి, అంటుకోకపోతేనే అనుమానించాలి. రాగి, కంచు, ఇత్తడి, వెండి, రాగి-నికెల్ మిశ్రమం అంటుకోవు. విక్టోరియా వెండి రూపాయి అని ఎవరైనా ఇచ్చినది అయస్కాంతానికి అంటుకుంటే తిరిగి ఇచ్చేయండి.

ఇంకో పరీక్ష ఉంది. నాణేన్ని పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకు తిప్పండి. రెండో వైపు కూడా నిలువుగానే ఉంటే ఒక రకం, తలకిందులైతే ఇంకో రకం. మన నాణేలు నిలువుగా ఉంటాయి. అమెరికావి, యూరోకు ముందరి ఫ్రాన్స్‌వి తలకిందులవుతాయి. ఇదీ చీటీలో రాయండి.

4. లిపిని బట్టి దేశం పట్టుకోండి

ఇంగ్లీషు అక్షరాలున్నంత మాత్రాన దేశం పేరు మనకు తెలిసినట్టుగా ఉండదు. ఎక్కువమంది తికమకపడేవి: హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్, సువోమి అంటే ఫిన్లాండ్, స్వెరియె స్వీడన్, మాగ్యార్ హంగరీ, ఐరె ఐర్లాండ్, పోల్స్కా పోలండ్. సి.సి.సి.పి. అని కనిపించేది సోవియట్ యూనియన్. అవి రష్యన్ అక్షరాలు. స్విస్ 10 రాపెన్ నాణెం 1879 నుంచి అదే బొమ్మతో వస్తోంది, కాబట్టి రూపం చూసి కొత్తదో పాతదో చెప్పలేం. సంవత్సరం చదవాల్సిందే.

అరబ్బీ లిపి ఉంటే ముందు బొమ్మ చూడండి. ముక్కు పొడుగ్గా ఉన్న కాఫీ కూజా యు.ఏ.ఈ. దిర్హమ్. తెరచాప పడవ ఒక్కటే ఉంటే కువైట్, పడవతోపాటు ఈతచెట్లూ కత్తులూ ఉంటే ఖతర్. ఈతచెట్టు కింద రెండు కత్తులు అడ్డంగా ఉంటే సౌదీ, వంపు తిరిగిన బాకు ఉంటే ఒమాన్. గల్ఫ్ నుంచి వచ్చిన చిల్లర మొత్తం ఈ ఐదు గుర్తులతో దాదాపు తేలిపోతుంది.

గుండ్రటి అక్షరాలు చూసి "ఇది తెలుగే, ఏదో పాత తెలుగు" అనుకునేవాళ్ళు మనలో చాలామంది. బర్మా, సింహళ లిపులు కూడా గుండ్రంగానే ఉంటాయి. బర్మా నాణేల మీద మెడ నిండా జూలున్న సింహం, పాత సిలోన్ సెంట్ల మీద తాటిజాతి చెట్టు కనిపిస్తాయి. మనవాళ్ళు రంగూన్, మలయా వెళ్ళి బతికినవాళ్ళు, కాబట్టి ఇవి మన పెట్టెల్లో ఉండటం సహజమే. మూలలు గుండ్రంగా చెక్కిన చదరపు సెంటు దొరికితే అది మలయా వైపుది. నిజంగా తెలుగు అక్షరాలున్న నాణేలు కూడా ఉన్నాయి: మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్ట్ ఇండియా కంపెనీ 1807 ప్రాంతంలో కొట్టించిన కొన్ని రాగి, వెండి నాణేల మీద తమిళంతోపాటు తెలుగు ఉంది. దొరికితే అదృష్టమే.

5. సంవత్సరం లెక్కగట్టండి

అన్ని దేశాలూ మన ఇంగ్లీషు సంవత్సరం వేయవు.

అరబ్బీ అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. చుక్క సున్నా. నిలువు గీత ఒకటి. ఒక పన్ను ఉంటే రెండు, రెండు పళ్ళుంటే మూడు. మన 3ను అద్దంలో చూసినట్టుంటే నాలుగు. మన సున్నాలా ఉండేది ఐదు. దాదాపు మన 7లా ఉంటే ఆరు. పైకి నోరు తెరిస్తే ఏడు, కిందికి తెరిస్తే ఎనిమిది. తొమ్మిది మనదే. లిపి కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం ఎడమ నుంచే చదవాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

హిజ్రీ (ఇస్లామిక్ కేలండర్) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. సౌదీ నాణెం మీద 1392 ఉంటే 1350 దాకా వస్తుంది, 622 కలిపితే 1972. ఇరాన్‌ది సౌర లెక్క: 621 కలిపితే చాలు. థాయ్ సంవత్సరంలోంచి 543, నేపాల్ విక్రమ సంవత్సరంలోంచి 57 తీసేయండి.

ఒక ఉదాహరణ మొత్తం చూద్దాం. పసుపు రంగు ఇత్తడి బిళ్ళ, మధ్యలో గుండ్రటి రంధ్రం. ఒకవైపు వంగిన వరికంకి, రంధ్రం చుట్టూ పళ్ళచక్రం, కింద నీటి గీతలు. ఎక్కడా మనకు తెలిసిన ఒక్క అంకె లేదు. వరికంకి చూసి మన దేశపు పాత నాణెం అనుకోవడం కృష్ణా డెల్టావాళ్ళకు సహజమే. కాటా మీద పెడితే 3.75 గ్రాములు, వ్యాసం 22 మిల్లీమీటర్లు, అంచు నున్న. ఇది జపాన్ 5 యెన్. సంవత్సరం చక్రవర్తి ఏలుబడి లెక్కన జపాన్ అక్షరాల్లో ఉంటుంది. ఏలుబడి పేరు షోవా అయితే 1925, హేసే అయితే 1988, రేవా అయితే 2018 కలపాలి. షోవా 50 అంటే 1975. ఫోన్ కెమెరాను అనువాదం యాప్‌లో పెట్టి ఆ అక్షరాలు చదివించుకోవచ్చు. కానీ అరిగిన అక్షరాన్ని యాప్ తప్పుగా చదువుతుంది, అందుకని ఏలుబడి పేరు మీరే పోల్చి చూసుకోండి.

6. మనవైపు ఎక్కువగా దొరికేవి

బ్రిటిష్ ఇండియా నాణెం అయితే తల చుట్టూ ఉన్న పేరు చదవండి. "విక్టోరియా క్వీన్" అంటే 1862 నుంచి 1876 వరకు, "విక్టోరియా ఎంప్రెస్" అంటే 1877 నుంచి. ఎడ్వర్డ్‌వి 1903 నుంచి 1910, ఐదో జార్జివి 1911 నుంచి 1936, ఆరో జార్జివి 1938 నుంచి 1947. రంధ్రం ఉన్న చిల్లికాణీ 1943 నుంచి 1947 మధ్యది. కాణీ అంటే పావు అణా, రూపాయికి 64. ఎడ్వర్డ్ కాలంలో, 1906లో రాగి పోయి కంచు వచ్చింది, బరువు కూడా తగ్గింది. అందుకే ఒకే విలువ ఉన్న రెండు కాణీలు కాటా మీద తేడాగా తూగితే కంగారు పడకండి.

నాణెం మీది సంవత్సరం అన్నివేళలా అచ్చయిన సంవత్సరం కాదు. 1862 అని ఉన్న రూపాయలను ఆ తర్వాత పదేళ్ళకు పైగా అదే సంవత్సరంతో కొట్టారు. వెండి రూపాయి అంటే 11.66 గ్రాములు, 1940 నుంచి వెండి పాలు సగానికి తగ్గింది.

నిజాం నాణేల మీద చార్మినార్ కనబడితే సగం పని అయినట్టే. ద్వారం మధ్యలో ఒక చిన్న అరబ్బీ అక్షరం ఉంటుంది, ఉస్మాన్ అలీఖాన్ కాలానివైతే "ఐన్". పైన 92 అని ఉంటే అది సంవత్సరం కాదు. నాలుగంకెల హిజ్రీ సంవత్సరం వేరే ఉంటుంది, వెతకండి. వీటి మీద 4, 5, 6 అంకెల రూపం పైన చెప్పినదానికి కాస్త వేరుగా ఉంటుంది.

కోస్తాలో దొరికే ఇంకో చిన్న రాగిబిళ్ళ డచ్చివారి డ్యూయిట్. పెద్ద వి అక్షరం రెండు చేతుల మీద ఓ, సి అక్షరాలు ఎక్కి కూర్చుంటాయి, కింద 1700ల నాటి సంవత్సరం. మచిలీపట్నంలో డచ్చివారు వ్యాపారం చేశారు కాబట్టి అవి ఇక్కడ కనబడటంలో వింత లేదు. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనవి 1794, 1797 నాటి కంపెనీ రాగి నాణేలు. "రూపాయికి 48" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఇంగ్లండులోని సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి, ఉత్తర సర్కారుల కోసం, అంటే మన గుంటూరు, కృష్ణా, గోదావరి సీమల కోసమే ఓడల్లో పంపినవి. అరిగినవి కొనగలిగే ధరకే దొరుకుతాయి.

స్వాతంత్ర్యం తర్వాతివైతే 1950ల పైస మీద గుర్రం, అర్ధణా, అణా, బేడ (రెండణాలు) మీద ఎద్దు ఉంటాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు. 1964లో "నయా" తీసేశారు. సంవత్సరం కింద భూతద్దంతో చూడండి: డైమండ్ గుర్తు ముంబయి, ఐదు మొనల నక్షత్రం హైదరాబాద్, గుండ్రటి చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరపు పది పైసల బిళ్ళలను నాలుగు టంకశాలలవీ కూడబెట్టడం చవకైన, మంచి మొదటి లక్ష్యం. నోయిడా 1988లో మొదలైంది, అంతకుముందువైతే మూడే.

7. కేటలాగ్‌తో సరిపోల్చండి

న్యూమిస్టా అనే ఆన్‌లైన్ కేటలాగ్ ఉచితం. దేశం, విలువ, సంవత్సరం ఇచ్చి వెతికి, అక్కడి బరువు, వ్యాసం, లోహం మీ చీటీతో పోల్చండి. బొమ్మ ఒక్కటే కలిస్తే గుర్తింపు పూర్తయినట్టు కాదు. నాలుగూ కలవాలి.

అరిగిన నాణెం అసలు బరువు కంటే కాస్త తక్కువ తూగుతుంది, అది మామూలే. ఎక్కువ తూగితే మాత్రం తప్పు గుర్తింపైనా అయ్యుండాలి, నకిలీ అయినా అయ్యుండాలి.

మొదట్లో గుర్తుపట్టినవాటిని వారం తర్వాత చీటీ మూసిపెట్టి మళ్ళీ మొదటి నుంచి పట్టుకోండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తేనే పెన్నుతో రాయండి. అప్పటిదాకా పెన్సిలే.

8. నకిలీలు, మోసాలు

ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో 1616, 1717, 1818 సంవత్సరాలు వేసి, రామపట్టాభిషేకమో హనుమంతుడో లక్ష్మీదేవో ఉన్న బిళ్ళలు మన ఊళ్ళలో విపరీతంగా తిరుగుతున్నాయి. కంపెనీ ఇవి కొట్టలేదు. పూజలో పెట్టుకోవడానికి ఎవరో చేసి అమ్మినవి. అలాగని దేవుడి బొమ్మ ఉన్నవన్నీ నకిలీ కావు. మద్రాసులో కొట్టిన పావు పగోడా అనే నాణెం మీద విష్ణుమూర్తి ఉన్నాడు. అందుకే కొలతలు, కేటలాగ్ తప్పవు.

"రైస్ పుల్లింగ్" కాయిన్ అంటూ ఎవరైనా బియ్యపు గింజలను లాగే నాణెం చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రాగికి బియ్యాన్ని లాగే శక్తి లేదు. ఆ పేరుతో ఆస్తులు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు, పది రూపాయల బిళ్ళకు లక్షలిస్తామని ఫోన్ వస్తే ముందు "రిజిస్ట్రేషన్ ఫీజు" అడుగుతారు. అదే వాళ్ళ అసలు వ్యాపారం. తన పేరు వాడుకుని ఇలా కమిషన్ అడిగేవాళ్ళను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది.

పోత పోసిన నకిలీని అంచు పట్టిస్తుంది. చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు, అక్షరాల మూలలు సబ్బులా మొద్దుబారడం చూడండి. 1939 వెండి రూపాయి అరుదు కాబట్టి సంవత్సరం అంకె మార్చినవి వస్తాయి. చివరి 9 చుట్టూ భూతద్దంతో చూడందే కొనకండి.

9. భద్రపరచడం

సంతలో దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం పీవీసీతో చేసినవి. మన ఉక్కపోతకు కొన్నేళ్ళలో అవి జిగురు వదిలి నాణేల మీద ఆకుపచ్చ జిడ్డు పెడతాయి. ఆల్బమ్ ఇప్పుడే వద్దన్నది అందుకే. పీవీసీ లేదని రాసి ఉన్నవే కొనండి, లేదా మందపాటి కాగితం కవర్లు వాడండి. డబ్బాలో సిలికాజెల్ పొట్లం పెట్టి, వానాకాలంలో మార్చండి.

రాగి మీద గట్టిగా అంటుకున్న ముదురు కిలుము వల్ల ప్రమాదం లేదు. గోటితో తాకితే రాలే లేత ఆకుపచ్చ పొడి కనబడితే ఆ నాణేన్ని వెంటనే వేరు చేయండి. అది నాణేన్ని తినేస్తూ పోతుంది.

10. చట్టం

నూరేళ్ళు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని అనుమతి లేకుండా విదేశాలకు పంపడం నేరం, అమెరికాలో ఉన్న మనవడికి కానుకగా అయినా సరే. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో కుండలో నాణేలు బయటపడితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అమరావతి చుట్టుపక్కల ఇలాంటివి పంచుకుని కరిగించేస్తే పోయేది చరిత్రే. శాతవాహనుల నాటివి చూడాలనిపిస్తే మ్యూజియంలు ఉన్నాయి. బెజవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంతో మొదలుపెట్టండి.

ఇంకా తేలకపోతే ఇలా అడగండి

పొద్దున పూట కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఫోటో తీయండి. అరచేతిలో పెట్టి తీస్తే రంగు తెలియదు. వెలుతురు ఒక పక్క నుంచి పడితే అరిగిన అక్షరాలు కూడా నీడతో లేస్తాయి. ఫోటోలతోపాటు చీటీలోని బరువు, వ్యాసం, అయస్కాంతం సంగతి, పక్కకు తిప్పితే ఎటు తిరిగిందో రాయండి. అది ఎవరి పెట్టెలోంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా ఒక ముక్క చేర్చండి. రంగూన్‌లో పనిచేసిన తాతగారిదని తెలిస్తే ముందు బర్మా పేజీ తెరుస్తాం.